పర్వాలేదు అన్న మాటకు సైగ లేదు

నీటి కింద బొటనవేలు పైకెత్తి చూపిస్తే భేష్ అని కాదు అర్థం. ఇక చాలు, పైకి పోదాం అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి సున్నా చుట్టాలి. స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి కింద ఈదడం, నేర్చుకునేవాళ్ళకు మొదటి రోజే ఈ తేడా చెబుతారు, మొదటి రోజే చాలామంది తప్పు చేస్తారు. ఈతకొలను అడుగున మోకాళ్ళ మీద కూర్చుని నేను మా శిక్షకుడికి ఎంతో ఉత్సాహంగా బొటనవేలు చూపించాను. ఆయన నా జబ్బ పట్టుకుని పైకి తీసుకుపోయి, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ తీయించి, ఏమైందని కంగారుగా అడిగాడు. ఏమీ కాలేదండీ, బాగుందన్నాను అంతే అని చెప్పాను. ఆయన ముఖం చూడాల్సింది.

ఆ సైగల జాబితా పెద్దదే. చెవి నొప్పికి ఒకటి, గాలి అయిపోయిందనడానికి ఒకటి. అరచేతిని అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని. చలేస్తోందని చెప్పాలంటే చేతులు గుండెల మీద అడ్డంగా వేసుకుని భుజాలు రుద్దుకోవాలి. కానీ మనం పొద్దున లేచింది మొదలు వాడే ఒక మాటకు మాత్రం అందులో చోటు లేదు. పర్వాలేదు. కాఫీలో చక్కెర తక్కువైతే పర్వాలేదు, రైల్లో ఎవరో కాలు తొక్కితే పర్వాలేదు, జ్వరం నూటొకటి ఉన్నా పర్వాలేదు. అవుననడమూ కాదు, కాదనడమూ కాదు. ఎదుటివాళ్ళకు ఇబ్బంది కలగకుండా మన ఇబ్బందిని మడిచి జేబులో పెట్టుకోవడం. ఈ మాటకు నీటి కింద సైగ లేకపోవడం లోపం కాదని ఈ సంక్రాంతికి నాకు తెలిసివచ్చింది.

ముక్కనుమ వెళ్ళాక వచ్చిన శనివారం. మేము నలుగురం. నేను ఉండేది చెన్నైలో, పెరుంగుడి దగ్గర. ఒక మిత్రుడు బెంగళూరు నుంచి కారులో వచ్చాడు, ఇంకొకడు హైదరాబాదు నుంచి విమానంలో. నాలుగోవాడు మా బావమరిది. ఇంగ్లండులో లెస్టర్‌లో ఉద్యోగం, పండక్కి అక్క ఇంటికి వచ్చాడు. చలికాలంలో డైవింగ్ ఏమిటని మా ఆవిడ అడిగితే, చెన్నైలో చలికాలం ఎక్కడుందని నలుగురమూ ఒకేసారి నవ్వాం.

నవ్వులోనూ అంతస్తులు ఉన్నాయి. చెన్నైలో చలి అంటే బెంగళూరు మిత్రుడు నవ్వుతాడు. వాళ్ళ ఊళ్ళో 1884 జనవరిలో 7.8 డిగ్రీలు నమోదైందట, ఆ అంకెను సొంత ఆస్తిలా చెబుతాడు. అది విని బావమరిది నవ్వుతాడు. వాడు డైవింగ్ నేర్చుకున్నది లెస్టర్ దగ్గర స్టోనీ కోవ్ అనే పాత రాతి గనిలో. గని మూతపడ్డాక నీళ్ళు నిండి చెరువైంది. చలికాలంలో అక్కడ నీరు నాలుగైదు డిగ్రీలకు పడిపోతుంది. ఒంటికి అతుక్కునే రబ్బరు వెట్‌సూట్ పనికిరాదు, మెడ దగ్గరా మణికట్ల దగ్గరా నీరు చొరకుండా బిగుసుకునే డ్రైసూట్, దాని లోపల దుప్పటి లాంటి ఇంకో దుస్తు. సిలిండర్‌లోంచి గాలి వ్యాకోచిస్తూ బయటికి వచ్చేటప్పుడు చల్లబడుతుంది కదా, అసలే చల్లని నీటిలో ఆ చలువకు రెగ్యులేటర్‌లో మంచు కట్టి కవాటం తెరుచుకుని ఉండిపోతుందట. గాలంతా బుడబుడమని బయటికి పోతుందట. దానికి వేరే శిక్షణ, వేరే రెగ్యులేటర్. ఈ కథలన్నీ వాడు ఈస్ట్ కోస్ట్ రోడ్డు పొడవునా చెబుతుంటే మేము పిల్లల్లా విన్నాం. మన సముద్రం జనవరిలో కూడా దాదాపు 26 డిగ్రీలు. మాకేం భయం?

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. నాలుగు డిగ్రీల నీరు చెంప మీద కొట్టి చెబుతుంది, నేను ప్రమాదకరం, జాగ్రత్త అని. ఇరవై ఆరు డిగ్రీల నీరు నవ్వుతూ పలకరిస్తూనే జేబు కొట్టేస్తుంది. నీరు మన ఒంటి వేడిని గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాక్కుంటుంది. బట్టలు లేకుండా కదలకుండా ఉన్న మనిషికి చలీ వేడీ తెలియని నీరు సుమారు 33 నుంచి 35 డిగ్రీలు. అంతకంటే చల్లగా ఉన్న ప్రతి నీరూ మనల్ని చల్లారుస్తూనే ఉంటుంది, కొంచెం ముందో వెనకో. 26 డిగ్రీల గదిలో ఫ్యాను వేసుకునే మనిషి, 26 డిగ్రీల నీటిలో గంట ఉంటే వణుకుతాడు. ఇది బలహీనత కాదు, లెక్క.

వెట్‌సూట్ ఉంది కదా అంటారు. ఆ సూటును 1950ల మొదట్లో తయారుచేసినవాడు కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త, అంతకు ముందు అణుబాంబు పనిలో ఉన్నవాడు. ఒళ్ళు పొడిగా ఉండనక్కరలేదు, బట్టలో గాలి బుడగలు ఉంటే చాలు, అవే వేడిని ఆపుతాయని ఆయన ఆలోచన. నియోప్రీన్ రబ్బరు నిండా సన్నని బుడగలు ఉంటాయి. అయితే పది మీటర్ల లోతుకు వెళ్ళేసరికి పీడనం రెట్టింపు అవుతుంది, ఆ బుడగలు సగానికి నలిగిపోతాయి. ఒడ్డున మూడు మిల్లీమీటర్లున్న సూటు అక్కడ మూడు మిల్లీమీటర్లు కాదు. చలి ఎక్కువైన చోటే కంబళి పలచబడుతుందన్నమాట. పైగా మావి అద్దె సూట్లు. ఎందరి ఒంటి మీదో సాగి, నలిగి, నాకు నడుము దగ్గర వదులు. కదిలినప్పుడల్లా వీపు మీదుగా కొత్త నీరు ఒక గ్లాసెడు లోపలికి వచ్చి, నేను వెచ్చబెట్టుకున్న పాత నీటిని తీసుకుపోయేది. తీసుకునేటప్పుడే తెలుసు వదులని. మార్చమని అడగలేదు. ఎందుకంటే, పర్వాలేదు.

కోవళం దాటాక ఒక మత్స్యకారుల కుప్పం నుంచి ఫైబర్ పడవ. చెన్నై తీరంలో, తమిళుల సంక్రాంతి చివరి రోజైన కానుం పొంగల్ నాడు లక్షల మంది సముద్రం చూడటానికి వస్తారు, నీళ్ళలో దిగనివ్వకుండా పోలీసులు తాళ్ళు కట్టి కాపలా కాస్తారు. ఈ ఊరికి సముద్రంతో ఉన్న బంధం అంతే, చూపుల వరకే. రెండు రోజుల క్రితం నాటి ఆ రద్దీ తాలూకు చెత్త ఇసుకలో ఇంకా ఉంది. పడవ నడిపే అన్న మా సామాను చూసి, ఈ నెలలో నీళ్ళలో ఏం కనబడుతుందని తమిళంలో నవ్వాడు.

ఆయన అన్నది నిజమే. ఈశాన్య రుతుపవనాల కాలంలో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతుంది. గంగ, మహానది, గోదావరి, కృష్ణ సముద్రంలో కలిపిన తీపి నీరు ఆ ప్రవాహంతో తీరాన్ని అంటిపెట్టుకుని తమిళనాడు దాకా దిగివస్తుంది. ఫిబ్రవరి ప్రాంతంలో గానీ ప్రవాహం దిశ మార్చుకోదు. మాది గోదావరి జిల్లా. మా ఊరి రేవు దగ్గర పారిన నీళ్ళు నాలాగే పొట్ట చేతపట్టుకుని మద్రాసు చేరాయన్న ఆలోచన నాకు ఎంత నచ్చిందంటే, మూడు మీటర్లకు మించి కనబడని ఆ మసక నీటి మీద కోపమే రాలేదు.

మొదటి డైవ్ గురించి చెప్పేది పెద్దగా లేదు. పదమూడు మీటర్ల లోతు, చేపలు నిలవడానికి ఎప్పుడో దించిన కాంక్రీటు దిమ్మెలు, ఒక బొక్కలో దాక్కున్న మలుగు చేప లాంటి ఈల్, గుంపులుగా చిన్న చేపలు. నలభై నిమిషాలు. పైకి వచ్చే ముందు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఒంట్లో కరిగిన నైట్రోజన్ కొంత బయటికి పోవడానికి. ఆ మూడు నిమిషాలు కదలకుండా వేలాడుతున్నప్పుడు మొదటిసారి ఒంట్లో సన్నగా వణుకు. పట్టించుకోలేదు.

అసలు చలి నీటిలో లేదు, పడవలో ఉంది. ఈ సంగతి ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు. తడి సూటు, దాని మీద ఈశాన్యం నుంచి ఈదురుగాలి, నీరు ఆవిరైపోతూ ఒంట్లో వేడిని మోసుకుపోవడం. కుండలో నీళ్ళు చల్లబడే పద్ధతే, ఇక్కడ కుండ నేను. గంటసేపు అలా కూర్చున్నాం. ఎండ ఉంది కాబట్టి వెచ్చగా ఉందనుకున్నాం. తినింది తెల్లవారుజామున నాలుగు ఇడ్లీలు. టీ ఫ్లాస్కు ఒడ్డునే మరిచాం. నీటిలో దిగగానే చేతులూ కాళ్ళలోని రక్తం గుండె వైపు తరలుతుంది, ఒంట్లో నీరు ఎక్కువైందని మూత్రపిండాలు పొరబడి బయటికి పంపేస్తాయి, దాంతో మనిషి ఎండిపోతాడు. (సూటు వేసుకున్నవాడు ఆ సమయంలో ఏం చేస్తాడన్నది మర్యాదస్తుల మధ్య మాట్లాడే విషయం కాదు. వెచ్చగా మాత్రం ఉంటుంది.) రెండో డైవ్‌కు ముందు మా దారి చూపే డైవ్‌మాస్టర్ అందరినీ చూసి, అందరూ బాగున్నారా అని అడిగాడు. బాగున్నాం అన్నాం. తర్వాత ప్రతిసారీ చెప్పేదే చెప్పాడు: ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా డైవ్ ఆపవచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు. తలలు ఊపాం. దేవుడి గుడిలో పురోహితుడు చదివే సంకల్పానికి తల ఊపినట్టు.

డైవ్‌లో జంటలు ఉంటాయి. నాకు జత బావమరిది. దిగి పది నిమిషాలైందో లేదో నాకు దవడ వణకడం మొదలైంది. రెగ్యులేటర్‌ను పళ్ళతో గట్టిగా పట్టుకున్నాను. ఊపిరి వేగం పెరుగుతోందని తెలుస్తోంది. దాని లెక్క ఇంటికి వచ్చాక వేసుకున్నాను. 11 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ల (గాలి పీడనానికి కొలత) దాకా నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి. అందులో 50 బార్లు ముట్టుకోకూడదు, అది పైకి రావడానికి దాచుకునేది. మిగిలింది 1,650. నెమ్మదిగా పీల్చేవాడికి ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు చాలనుకుంటే, పీడనం 2.3 రెట్లు ఉండే పదమూడు మీటర్ల లోతులో 46 అవుతుంది, అంటే 36 నిమిషాలు. చలికి ఊపిరి పెరిగి 30 లీటర్లు అయితే లోతులో 69, అంటే 24 నిమిషాలు. పన్నెండు నిమిషాలు చలి మింగేసింది. అప్పుడు నాకు ఈ లెక్కలేవీ తట్టలేదు. తట్టినదల్లా ఒకటే, పదిహేను రోజులుగా అందరం కలిసి వేసుకున్న ప్రయాణం నా వల్ల చెడకూడదు. నలుగురితో నారాయణా. డైవ్‌మాస్టర్ వెనక్కి తిరిగి సైగతో అడిగాడు. సున్నా చుట్టి చూపించాను. నా పర్వాలేదును ఆ సున్నాలోకి దూర్చేశాను.

పద్నాలుగో నిమిషంలో బావమరిది నా ముందుకు వచ్చి బొటనవేలు పైకెత్తాడు. అరచేతులు తెరిచి ఎందుకని అడిగాను. అడగకూడదని తెలిసీ అడిగాను. మళ్ళీ బొటనవేలే. నీరు మసకగా ఉండటంతో డైవ్‌మాస్టర్ అందరినీ కలిపి పైకి తెచ్చాడు. మిగిలిన గాలి చూపించే నా గేజ్‌లో 110 బార్లు, వాడి గేజ్‌లో 140.

పడవ ఎక్కగానే హైదరాబాదు మిత్రుడు అడిగాడు: "ఏమైంది? చెవి నొప్పా?"

"లేదు."

"మరి సామానేమైనా పాడైందా?"

"లేదన్నా. చాలనిపించింది."

అంతే. ఇంకేమీ చెప్పలేదు. పడవలో మౌనం. మనిషికి మూడున్నర వేలు, పద్నాలుగు నిమిషాలు. బెంగళూరు మిత్రుడు సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. నేనూ ఏదో అందామనుకున్నాను. కానీ నా వేళ్ళు సహకరించలేదు. నడుముకు కట్టిన సీసపు బరువుల పట్టీ విప్పుకోవడం చేతకాలేదు. చిటికెలో ఊడే కొక్కెం అది. మూడుసార్లు ప్రయత్నించాక పడవ నడిపే అన్న వచ్చి విప్పి, తన తువ్వాలు నా వీపు మీద వేశాడు. పళ్ళు టకటకలాడుతుంటే అందరూ నా వైపు చూశారు. ఏమన్నానో చెప్పాలా? అదే మాట.

ఇంకో పదినిమిషాలు కింద ఉంటే చచ్చిపోయేవాడినని నేను చెప్పడం లేదు. బహుశా ఏమీ అయ్యేది కాదు. కానీ ఆ వేళ్ళతో మాస్క్‌లో నీరు చేరితే తీసేవాడినా, పక్కవాడికి గాలి అయిపోతే నా రెండో రెగ్యులేటర్ అందించేవాడినా? చలిలో మెదడు కూడా నెమ్మదిస్తుంది, నెమ్మదించిందని దానికే తెలియదు. పైగా, అడుగున వెచ్చగా ఉండి పైకి వచ్చేటప్పుడు చలిలో ఉన్నవాళ్ళకు డికంప్రెషన్ జబ్బు (కరిగిన నైట్రోజన్ ఒంట్లో బుడగలు కట్టడం) ముప్పు బాగా పెరుగుతుందని అమెరికా నౌకాదళం ప్రయోగాలు చేసి 2007లో తేల్చింది. చలికి కాళ్ళూ చేతులకు రక్తం తగ్గితే అక్కడి నైట్రోజన్ బయటికి రావడమూ తగ్గుతుంది.

ఆ సాయంత్రం టీ దగ్గర పెద్ద చర్చే జరిగింది. హైదరాబాదు మిత్రుడి మాటలో న్యాయం లేకపోలేదు. ప్రతివాడూ మనసు బాగాలేదని పైకి వస్తే ఇక డైవింగ్ ఎందుకు, కనీసం కారణం చెప్పడం మర్యాద కదా అన్నాడు. నేను అడ్డం తిరిగాను. కారణం చెప్పాలన్న నియమం పెట్టగానే, చెప్పదగ్గ కారణం కోసం వెతుక్కోవడం మొదలవుతుంది. చెవి నొప్పి చెప్పదగ్గ కారణం. చలి కాదు, మగవాడు చలి అనడమేమిటి. భయం అసలే కాదు. ఇలా ఒక్కో కారణాన్నీ జల్లెడ పట్టుకుంటూ మనిషి అడుగున ఉండిపోతాడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది, పూర్తిగా రాయను, మీకు తెలుసు. ఎవరైనా అస్తమానం పైకి వచ్చేస్తుంటే వచ్చేసారి వాడిని పిలవకండి. ఆ తగవు ఒడ్డున పెట్టుకోవచ్చు. నీటిలో మాత్రం బొటనవేలికి ఎదురు ప్రశ్న ఉండకూడదు.

ఇదేదో తెల్లవాళ్ళ నియమం అనుకోకండి. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పల కోసం మునిగేవాళ్ళు రాతిబరువు సాయంతో అడుగుకు దిగేవారు. ఒంటికి కట్టిన తాడు కొస పడవలో ఇంకొకడి చేతిలో ఉండేది. కిందివాడు తాడు గుంజాడంటే పైవాడు లాగడమే. ఎందుకు గుంజావని తాడుతో అడగలేరు కదా. ఆ తాడు పట్టుకోవడానికి బావమరిదినే పెట్టుకునేవారని, అక్కచెల్లెళ్ళ పసుపు కుంకుమల మీద వాడికున్నంత పట్టింపు ఇంకెవరికీ ఉండదని తమిళ నాట చెప్పుకుంటారు. బావ బతుకు కోరేవాడు బావమరిది అని మనమూ అంటాం. ఈ సామెత విని మావాడు టీ గ్లాసు పైకెత్తాడు.

ఆ ముత్యాల వేట సాధారణంగా ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య సాగేది, రెండు రుతుపవనాల నడుమ సముద్రం నెమ్మదించినప్పుడు. వాళ్ళకు సముద్రం పంచాంగం ఉండేది. మాకు ఉన్నది ఆఫీసు పంచాంగం, అందులో శని, ఆదివారాలు తప్ప తిథులు లేవు. మా ప్రయాణంలో మొదటి తప్పు చలి కాదు, ఆ రెండు రోజులే. ఆదివారం పొద్దున ఇంకో రెండు డైవ్‌లు అనుకున్నాం. తీరా చూస్తే హైదరాబాదు మిత్రుడి విమానం ఆదివారం రాత్రి ఎనిమిదింటికి. ఒకటికి మించి డైవ్‌లు చేసినవాళ్ళు విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలన్నది అందరూ పాటించే సూత్రం. బెంగళూరు మిత్రుడు నాది కారు కదా అని ధైర్యంగా ఉన్నాడు. వాళ్ళ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, సాయంత్రానికి కారులోనే కొండ ఎక్కినట్టు. ఒంట్లో నైట్రోజన్‌కు అది విమానమా కారా అన్నది తెలియదు, చుట్టూ గాలి పలచబడిందన్నదే తెలుస్తుంది. ఇది చెప్పేసరికి ఇద్దరూ కాసేపు ఫోన్లలో లెక్కలు వేసుకున్నారు. అయినా పదకొండింటికల్లా ముగిస్తే పర్వాలేదేమో అని ఒకడు మొదలుపెట్టాడు. ఈసారి బొటనవేలు నేనెత్తాను. ఎవరూ ఎందుకని అడగలేదు, ముఖాలు మాత్రం చిన్నబోయాయి. ఆదివారం మహాబలిపురంలో రాళ్ళు చూసి వచ్చాం. వాళ్ళు ఆ రాళ్ళను ఇంతకు ముందు ఆరుసార్లు చూశారట.

ఇప్పుడు నాకంటూ అయిదు మిల్లీమీటర్ల సూటు కొనుక్కున్నాను, నడుము దగ్గర బిగువు. చలి శివశివా అనుకుంటూ వెళ్ళిపోయాక, మాఘం దాటాక మళ్ళీ దిగుదామని మాట. టీ ఫ్లాస్కు బాధ్యత నాది.

ఆ శనివారం రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ తమ్ముడిని నిలదీసింది.

"మధ్యలో ఎందుకురా పైకి వచ్చేశారు? బావకేమైనా అయిందా?"

వాడు గోంగూర పచ్చడి కలుపుకుంటూ నా వైపు ఒకసారి చూశాడు.

"కారణం అడగకూడదక్కా," అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. నేను మజ్జిగ గిన్నె అందుకున్నాను.